గుంట మందు

"ఆ చీర నేను కట్టను. మూణ్ణెల్లుగా దాంతో గ్యాసు పొయ్యి గట్టు తుడుస్తుండా," అంది పెంచలమ్మ. పొద్దుట్నించి ఈ మాట చెప్పడం ఇది మూడోసారి.

కోడలు బిందు వదిలిపెట్టలేదు. వెలిసిపోయిన ఆ నీలం నూలు చీరను ఉతికి, ఆరేసి, చిరుగు లోపలికి పోయేలా మడతపెట్టి మరీ తెచ్చింది. బీరువాలో ఉన్నవేవీ పనికిరావని, సుకుమార్ గారు మరీ మరీ చెప్పారని, మెళ్లో గొలుసు కూడా తీసేసి ఉత్త పసుపుతాడుతో కూర్చోమన్నారని వల్లించింది. కూర్చోవాల్సింది హాల్లో కుర్చీ మీద కూడా కాదట. పెరట్లో కట్టెలపొయ్యి ముందర, పీట మీద.

"ఆ పొయ్యి ముట్టించి పన్నెండేళ్లయింది. పోయినేడు దాంట్లో పిల్లి ఈనింది. దాని ముందర నన్ను కూర్చోబెడితే ఊళ్లోవాళ్లు నవ్విపోరా?"

"ఊళ్లోవాళ్ల కోసం కాదత్తా ఈ వీడియో తీసేది. మనల్ని ఎరగనోళ్ల కోసం."

మనల్ని ఎరగనివాళ్లు ఎంతమందో, ఎక్కడెక్కడ కూర్చొని తన ముఖం చూస్తారో తలచుకోబోయి పెంచలమ్మ మానుకుంది. తన పోట్లాట చీర గురించి కాదని ఆమెకు తెలుసు. చీర దగ్గర ఎంతసేపు ఆగితే అంతసేపు కెమెరా ముందుకు పోవడం తప్పుతుంది. అందుకే ఆ పాత గుడ్డను పట్టుకొని పంతం పట్టింది.

కూతురు భానుప్రియ వెయిట్ లిఫ్టర్. పద్నాలుగో ఏట నెల్లూరు హాస్టల్లో చేరి, ఇరవై మూడో ఏటికల్లా జాతీయ పోటీల్లో బంగారు పతకం తెచ్చింది. ఊరి మొదట్లో, సముద్రం వైపు తిరిగే మలుపులో ఆమె ఫ్లెక్సీ కట్టారు. పళ్లు బిగించి బరువును తలపైకి ఎత్తిన బొమ్మ. రెండు నెలల కిందట, పరీక్షలో నిషేధించిన మందు దొరికిందని టీవీలో చెప్పిన మర్నాడు ఎవరో ఆ ముఖం మీద పేడ కొట్టారు. తండ్రి ఆదెయ్య ఎవరికీ చెప్పకుండా పోయి ఫ్లెక్సీ విప్పుకొచ్చాడు. కూతురి బొమ్మను పారేయడానికి చేతులు రాలేదు. తిరగేసి, రొయ్యల మేత బస్తాల మీద కప్పాడు.

అప్పట్నించి ఆ ఇంట్లో అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. వీధిలో కొత్త బండి చప్పుడైతే పెంచలమ్మ చేతిలో పని ఆగిపోతుంది. ఫోన్ మోగితే అది ఎవరిదో తెలిసేదాకా ఊపిరి తీసుకోదు. భాను మాత్రం వేళకు లేస్తుంది, వేళకు తింటుంది, వదినతో కలిసి బట్టలు ఆరేస్తుంది. ఆ కుదురు చూస్తే తల్లికి ఇంకా భయం వేస్తోంది.

విచారణ పద్దెనిమిదో తేదీన. భాను తెలిసే వాడిందని తేలితే నాలుగేళ్లు ఆడనివ్వరు. నాలుగేళ్లంటే ఆట అయిపోయినట్టే, ఆటతో వచ్చిన ఉద్యోగం కూడా. తెలియక, పొరపాటున ఒంట్లోకి పోయిందని నమ్మించగలిగితే ఏడాదితో బయటపడవచ్చు. ఆ నమ్మించే పని సుకుమార్‌ది.

అతను పుట్టింది సూళ్లూరుపేటలో, ఆఫీసు చెన్నైలో. పేరు పోగొట్టుకున్న ఆటగాళ్లను మళ్లీ జనం ముందు నిలబెట్టడం అతని వృత్తి. ముప్ఫై అయిదేళ్లుంటాయి, మంచి మర్యాదస్తుడు. చెప్పులు గడప బయట వదిలేవాడు. కాఫీ తాగిన గ్లాసు తనే కడగబోయేవాడు. అందుకేనేమో పెంచలమ్మకు అతన్ని కాదనడం చేతకాలేదు.

మొదటి ఇరవై రోజులు భాను ఫోన్లో ఒక్క మాట కూడా పెట్టకూడదన్నాడు. ఆ తర్వాత బడిపిల్లలకు పుస్తకాలు పంచుతున్న ఫోటో, ముఖం సగమే కనిపించాలి. నవ్వు వద్దు, ఎర్ర రంగు బట్టలు వద్దు, చేతుల కండలు కనపడే ఫోటో అసలే వద్దు. మాట్లాడేటప్పుడు ఏడవకూడదు, ఏడుపు ఆపుకుంటున్నట్టు ఉండాలి. రెంటికీ తేడా ఏమిటో తనే చేసి చూపించాడు. అన్నీ అయ్యాక, విచారణకు ముందు, అమ్మ. అమ్మ ముఖం చూశాక తిట్టడానికి ఎవరికీ నోరు రాదని అతని లెక్క.

ఆ అమ్మ చెప్పాల్సిన కథను అతనికి అందించింది పెంచలమ్మే. ఆ సంగతే ఆమెను లోలోపల తొలిచేస్తోంది.

వాళ్ల ఇంట్లో ఫ్రిజ్ పై అర రొయ్యల గుంటలది. రెండు గుంటలనూ కొడుకు పెంచలకృష్ణ చూసుకుంటాడు. రొయ్యలకు వేసే వైటమిన్లు, పొడులు ఎండకు చెడిపోకుండా తెచ్చి పాలగిన్నె పక్కనే పెడతాడు. వాటిని మేతలో కలిపే పని పెంచలమ్మది. పట్ట పరిచి, మేత పోసి, మందు చల్లి, జిగురు నీళ్లతో చేత్తో పొర్లించి నీడన ఆరబెడుతుంది. గుంటలున్న ఇళ్లన్నింటా ఇదే పద్ధతి. సీసా మీది పేరూ తేదీ చదవందే ఆమె మూత తీయదు. పోయిన కార్తీకంలో, భాను పది రోజులు సెలవు పెట్టి వచ్చినప్పుడు, పై అరలో పేపరు చుట్టిన చిన్న గాజుబుడ్లు కనిపించాయి. వాటి మీది కాగితాలు గీకేసి ఉన్నాయి. మందుల కంపెనీవాళ్లు కృష్ణకు ఊరికే ఇచ్చిన శాంపిల్ కాబోలు అనుకొని, ఆ ఒక్కసారికి పేరు చూడకుండానే నాలుగు బుడ్లు పగలగొట్టి మేతలో కలిపేసింది. కృష్ణ దాన్ని గుంటలో చల్లేశాడు కూడా.

భాను అరవలేదు. గాజు ముక్కలు చూసి వంటింటి గచ్చు మీద కూలబడింది.

"అమ్మా, అది నా మందు."

"ఏం మందే?"

"భుజం నొప్పికి." గాజు ముక్కల మీది చూపు తిప్పకుండానే, "ఎవురికీ చెప్పబాకమ్మా," అంది.

భుజం నొప్పి మందైతే దాచడం ఎందుకు? పేరున్న కాగితం గీకేయడం ఎందుకు? పెంచలమ్మకు ఆ క్షణానే ఏదో అర్థమైంది. అయినా అడగలేదు. అడిగితే బిడ్డ చెప్పేస్తుందేమోనని భయపడింది. ఆ పూట గాజు ముక్కలు చీపురుతో ఊడ్చి, పాత డబ్బాలో వేసి, దూరంగా పారబోసి వచ్చింది. ఆ మేత తిన్న రొయ్యల్ని ఆ తర్వాత పట్టేశారు, గుంట ఎండగట్టి కొత్త రొయ్యపిల్లను వదిలారు. బిడ్డ మాత్రం పరీక్షలో దొరికిపోయింది.

పోయిన వారం సుకుమార్, ఇంట్లో ఏయే మందులుంటాయని గుచ్చి గుచ్చి అడుగుతుంటే, ఇక దాచలేక ఇదంతా అతనికొక్కడికే చెప్పింది. నిజం తెలిశాక అతనే ఈ పని మానుకొని, ఒప్పుకోవడమే మంచిదని భానుకు చెప్తాడని ఆశ. అతను రాస్తున్న పెన్ను కింద పెట్టాడు. ముఖం వెలిగిపోయింది.

"అమ్మా, మనకు కావలసింది ఇదే. ఫ్రిజ్‌లో మందు ఉంది. మీరు పొరబడ్డారు. అంతవరకు నిజమే కదా? అది ఎటునుంచి ఎటు పోయిందో, ఆ ఒక్కటీ మార్చుకుందాం."

అట్లా మార్చుకున్న కథ ఇది. తల్లికి చదువు రాదు. కూతురు నీరసంగా ఉందంటే, గుంటల కోసం తెచ్చిన మందును బలం మందనుకొని పాలల్లో కలిపి ఇచ్చింది. తల్లికి తెలియదు, బిడ్డకు తెలియదు, తప్పంతా గుంట మందుది. తను పదో తరగతి పాసయ్యానని పెంచలమ్మ చెబితే, వీడియో తీసే రెండు నిమిషాలు ఆ సంగతి మరిచిపొమ్మని సుకుమార్ నవ్వాడు. కృష్ణ మొదట ఉలిక్కిపడ్డాడు. రొయ్యల్లో అట్లాంటి మందు వాడతారన్న మాట బయటికి పొక్కితే తన పంట ఎవరు కొంటారు? మీ రొయ్యల పట్టుబడి అయ్యాకే వీడియో వదులుతానని సుకుమార్ మాటిచ్చాక వాడూ ఊరుకున్నాడు. ఆదెయ్య అన్నింటికీ 'మీ ఇష్టం' అన్నాడు.

చీర గొడవ తేలకముందే భాను వచ్చి, వదినను పొమ్మని సైగచేసి, తల్లిని గదిలోకి తీసుకుపోయింది. చెప్పాల్సినవి ఇద్దరూ ఒకసారి చెప్పుకుందామంది. మంచం మీద ఎదురుగా కూర్చొని తల్లి రెండు చేతులూ పట్టుకుంది. ఇనుప కడ్డీ పట్టి పట్టి కాయలు కాచిన అరచేతులు.

"నా మంచికే గదమ్మా ఇచ్చినావు," అంది. కళ్లల్లో నీళ్లు నిలిచాయి, జారలేదు. "నువ్వు పాలు తెచ్చి ఇస్తే నురగ ఊదుకుంటా తాగినాను. దాంట్లో ఏముందో నీకు మాత్రం ఏం తెలుసు? నిన్ను నేనేం అనుకోలేదమ్మా."

నురగ సంగతి సుకుమార్ రాసిచ్చిన కాగితంలో లేదు. గదిలో కెమెరా లేదు, చూసేవాళ్లు ఎవరూ లేరు. పెంచలమ్మ కూతురి ముఖంలోకి చూసింది, ఏ మూలనైనా కాస్త నవ్వో, కాస్త సిగ్గో కనిపిస్తుందేమోనని. ఏదీ కనిపించలేదు. పైగా ఒక్క క్షణం తన చేతిలో వేడి పాలగ్లాసు ఉన్నట్టు తనకే తోచింది. ఇచ్చానా? ఏ రోజైనా, పరధ్యానంలో, నిజంగానే ఇచ్చానా?

"భానూ, అట్ట జరగలేదు గదమ్మా."

"జరిగిందనుకోమ్మా." చేతులు వదలకుండానే మెల్లగా చెప్పింది. "నాలుగు రోజులు అనుకుంటే జరిగినట్టే ఉంటుంది. నేను అనుకుంటుండా."

పెంచలమ్మ చేతులు విడిపించుకోబోయింది. ఆ పట్టు వదలలేదు. ఈ చేతులతోనే చిన్నప్పుడు ఈ పిల్ల తన కొంగు పట్టుకొని గుంటగట్టు మీద నడిచేది. ఇప్పుడు ఎదురుగా కూర్చున్న మనిషి ఎవరో తనకు పూర్తిగా తెలియదనిపించింది. నాలుగేళ్ల తర్వాత, నలభై ఏళ్ల తర్వాత కూడా ఈ పిల్ల ఇదే నమ్ముతూ బతుకుతుందా? ఆ పాలగ్లాసు గురించి తన పిల్లలకు కూడా చెప్తుందా?

బయట బండి ఆగిన చప్పుడైంది. ఇద్దరూ ఒక్కసారిగా ఉలిక్కిపడ్డారు. ఆ ఉలికిపాటు ఒక్కటే ఇద్దరిదీ ఒకే తీరుగా ఉంది.

వచ్చింది ఖాదర్ బాషా. రొయ్యలు కొనే కంపెనీల తరఫున పదిహేనేళ్లుగా ఆ తీరమంతా తిరిగే మనిషి. పట్టుబడికి ముందు రొయ్యల శాంపిల్ తీసుకుపోయి పరీక్ష చేయిస్తాడు. అందులో ఏ మందూ లేదని తేలితేనే ఐసు లారీ వస్తుంది. పొద్దున్నే వచ్చి ఉన్న సుకుమార్ అతన్ని చూసి ఫోన్ మాట్లాడుతున్నట్టు పెరట్లోకి తప్పుకున్నాడు. పెంచలమ్మ గుంటగట్టు దాకా బాషా వెంట నడిచింది.

కృష్ణ వల విసిరి లాగాడు. రొయ్యలు నిగనిగలాడుతున్నాయి. బాషా గుప్పెడు తీసి కవర్లో వేసి, ఐసు పెట్టెలో పెట్టి, కాగితం తీశాడు.

"ఈ పంటకు మందులేమన్నా వాడినారాక్కా?"

"లేదు బాషా. నీకు తెలవదా?"

"తెలుసు. అడగాలని అడిగినా."

ఏ మందూ వాడలేదన్న ఆ కాగితం కింద పెంచలమ్మ పేరంతా రాసి సంతకం చేసింది. బాషా దాన్ని చూసి నవ్వాడు. ఈ రోడ్డు మీద గుంటలున్న మగవాళ్లందరూ ఒక గీత గీసి ఇస్తారని, పేరు మొత్తం రాసేది అక్క ఒక్కతేనని, కంపెనీలో కూడా ఆ సంతకం అందరికీ గుర్తని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, పాప ఎట్టుందని అడిగాడు. పెంచలమ్మ తలూపింది.

బాషా పెట్టెకు తాడు కట్టుకుంటూ, ఎవరి పట్టుబడి ఎప్పుడో చెప్పుకుపోయాడు. వీళ్లది ఎల్లుండి. ఆనందబాబుది వచ్చే వారం. పోలేరయ్య రొయ్య ఇంకా సన్నగా ఉంది, అమావాస్య దాటి, రొయ్య పైపొర విడిచి మళ్లీ గట్టిపడ్డాక పట్టిస్తాడు. ఆ తర్వాత వరసగా ఇంకో నలభై గుంటలు. అన్నీ సవ్యంగా జరిగితే చాలునన్నాడు. పోయినేడు దక్షిణాన ఒక ఊళ్లో ఏం జరిగిందో విన్నావా అక్కా అని అడిగాడు.

"ఎవడో ఫోన్లో పెట్టినాడు, ఫలానా వాళ్ల రొయ్యల్లో మందుండాదని. ఉత్త అబద్ధం. అబద్ధమని తేలేలోపల నెల గడిచింది. ఆ నెల్లో ఒక్క లారీ ఆ పక్కకు పోలేదక్కా. గుంటలు గుంటలుగా రొయ్యలు చచ్చి తేలినాయి. ఇప్పుడు ఆ పక్క ఒకరి మొగం ఒకరు చూసుకోరు."

అవతలి గట్టు మీద పోలేరయ్య మోటారు దగ్గర కూర్చొని సద్ది తింటున్నాడు. వీళ్లను చూసి ఎడమచెయ్యి ఎత్తి ఊపాడు. టీవీలో భాను పేరొచ్చిన రోజు ఊరంతా తలుపులు వేసుకుంటే, వాళ్లింటికి వచ్చింది పోలేరయ్య పెళ్లాం కామమ్మ ఒక్కతే. ఒక్క మాట అడగలేదు. భానును ముందర కూర్చోబెట్టుకొని తల దువ్వి, జడ వేసి పోయింది. పెంచలమ్మ చెయ్యి ఎత్తబోయింది. ఎత్తలేకపోయింది.

బాషా బండి పోయినాక ఆమె గట్టు మీదే నిలబడింది. నీళ్లలో గాలి నింపే చక్రాలు తిరుగుతూ నురగ చిమ్ముతున్నాయి. మధ్యాహ్నం మూడింటికి కెమెరా ముందు తను రెండు నిమిషాలు మాట్లాడితే, ఈ గట్లన్నీ ఏమవుతాయో కళ్లకు కట్టింది. మాట్లాడకపోతే, ఇంట్లో ఆ గదిలో కూర్చున్న పిల్ల ఏమవుతుందో కూడా కళ్లకు కట్టింది. ఎటు చూసినా భయమే. కృష్ణను పిలిచి, ఆనందబాబు వాళ్ల సంగతేమిటిరా అని అడిగింది. వాడు వల దులుపుతూ, జనం పది రోజుల్లో మరిచిపోతారులే అన్నాడు. తల మాత్రం ఎత్తలేదు. వాడికీ భయంగానే ఉందని తల్లికి తెలిసిపోయింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నారు. సుకుమార్ పెరట్లో ఫోన్ స్టాండు నిలబెట్టుకుంటున్నాడు. ఎండ పొయ్యి మీదికి వాలేది మూడింటికని, తను తర్వాత తింటానని చెప్పాడు. పెంచలమ్మ అందరికీ వడ్డించింది. ఆదెయ్యకు పప్పు, కృష్ణకు పులుసు, భానుకు గుడ్డు. గరిటె గిన్నె అంచుకు తగిలి టకటకమంటుంటే దాన్ని కింద పెట్టి, చేతులు కొంగులో చుట్టుకుంది. గొంతు పెంచలేదు. పెంచితే ఏడుపు వస్తుంది.

"వీడియోలో నేను కూర్చోను," అంది. "పాలల్లో కలిపి ఇచ్చినానని ఎవురి ముందరా చెప్పను."

బిందు అత్త వైపు చూసి చూపు దించుకుంది. కృష్ణ ముద్ద ఆపి, ఇప్పుడు ఈ మాటంటే ఎట్లా అని, చెల్లెలికి నాలుగేళ్లు పోతాయని, ఉద్యోగం పోతుందని, ఇంకెప్పటికీ లేవలేదని చెప్పుకొచ్చాడు. పెంచలమ్మ అడ్డం రాకుండా అంతా వింది. అందులో ఆమెకు తెలియనిది ఏదీ లేదు.

భాను కంచంలోనే చూస్తూ అడిగింది. "నన్ను పట్టిస్తావామ్మా?"

పొద్దున గదిలో విన్న గొంతు కాదది. సన్నగా, గీరుకుపోయి ఉంది. ఆ గొంతు విన్నాక పెంచలమ్మకు కాస్త ఊపిరి ఆడింది. ఇది తన బిడ్డ గొంతే.

"నిన్ను కార్తీకంలోనే అడగాల్సింది. బుడ్లు చూసి కూడా అడగలేదు. ఆ తప్పు నాది. అదీ చెప్తా."

"నీకు భయం లేదా?" అన్నాడు ఆదెయ్య. రెండు నెలల్లో ఆయన 'మీ ఇష్టం' కాకుండా అన్న మొదటి మాట అది.

"ఉండాది. చేతులు చూడు, ఎట్ట వణుకుతుండాయో." కొంగులోంచి తీసి చూపించింది. మళ్లీ చుట్టుకుంది. "పద్దెనిమిదో తారీకు విచారణకు నేను భాను పక్కన కూర్చుంటా. తనే చెప్తే, చెయ్యి పట్టుకొని కూర్చుంటా. తను చెప్పలేకపోతే, ఆ బుడ్లు ఎవురివో, మేతలో కలిపింది ఎవురో నేను చెప్తా. సుకుమార్ అన్నం తిన్నాక ఈ సంగతి ఆయనకూ చెప్పేస్తా."